అమ్మానాన్నలతో సీ అండ్ ఓ కాలువ గట్టు నడక: రద్దీ లేని చోటు చెప్పండి

లౌడన్_లక్ష్మి
అమ్మానాన్న కొత్తపేట నుంచి వచ్చారు, అక్టోబరు చివర్లో వెళ్లిపోతారు. నాన్న ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఊళ్లో ఉంటే పొద్దున్నే కాలువ గట్టు మీద నడవకపోతే ఆయనకి తోచదు. ఇక్కడ మా ఇళ్ల చుట్టూ కాంక్రీటు దారి మీద నాలుగు చుట్లు తిరిగొచ్చి సోఫాలో కూర్చుంటున్నారు, చూస్తుంటే నాకు దిగులుగా ఉంది. ఎవరో వాషింగ్టన్ దగ్గర గ్రేట్ ఫాల్స్‌లో సీ అండ్ ఓ (చెసాపీక్ అండ్ ఒహాయో) అనే పాత కాలువ ఉంది, పక్కనే నడిచే దారి ఉంది అని చెప్తే పోయిన శనివారం మేరీలాండ్ వైపుకి తీసుకెళ్లాను. గేటు దాకా కార్ల వరస. లోపలికి వెళ్తే పార్కింగ్ లేదు. రెండు చుట్లు కొట్టి వెనక్కి వచ్చేశాం. చెట్ల సందుల్లోంచి కాలువ కనిపించేసరికి నాన్న కారు అద్దానికి ముఖం ఆనించి చూస్తూ ఉండిపోయారు.

ఆ కాలువ పొడుగ్గా ఉందంటున్నారు కదా, జనం తక్కువగా ఉండే చోటు ఏదైనా చెప్పండి. అమ్మకి మోకాళ్ల నొప్పులు, అరగంట మించి నడవలేదు. దారి చదునుగా ఉండాలి, నీళ్లు కనబడాలి, బాత్రూమ్ తప్పనిసరి.

నైట్‌షిఫ్ట్
శనివారం పదకొండింటికి గ్రేట్ ఫాల్స్ అంటే తిరపతి కొండ మీద వైకుంఠ ఏకాదశి. ఎనిమిదిలోపు వెళ్లండి.

రాక్‌విల్_రమ
పొద్దున్నే వెళ్తే గ్రేట్ ఫాల్స్ కూడా బానే ఉంటుంది లక్ష్మీ. టావెర్న్ అనే పాత సత్రం దగ్గర మంచి బాత్రూమ్‌లున్నాయి, కూర్చోడానికి చోటుంది, కాలువ ఎదురుగానే. కారుకి టికెట్ కొనాలి, అదే టికెట్ వర్జీనియా వైపు గ్రేట్ ఫాల్స్‌కి కూడా పనికొస్తుంది. టికెట్ వద్దనుకుంటే నది ఎగువకి స్వెయిన్స్ లాక్ (పడవల్ని మెట్టు ఎక్కించి దించే తలుపుల కట్టడం) దగ్గర కారు పెట్టి గట్టు మీద టావెర్న్ దాకా నడవొచ్చు, రెండు మైళ్ల పైచిలుకు. మా మామగారు అలాగే వెళ్తారు. మీ అమ్మగారికి మాత్రం ఎక్కువవుతుంది.

ఫ్రెడరిక్_ఫణి
మీరుండేది వర్జీనియాలోని లౌడన్‌లో అయితే బెల్ట్‌వే (వాషింగ్టన్ చుట్టూ ఉన్న రింగ్ రోడ్డు) దాకా ఎందుకు? రూట్ 15 మీద తిన్నగా పాయింట్ ఆఫ్ రాక్స్ వచ్చేయండి. వంతెన దాటగానే గట్టు. జనం ఉండరు, పార్కింగ్ ఉచితం. పక్కనే పాత రైల్వే స్టేషన్, ఫొటోలకి భలే ఉంటుంది. ఇంకొంచెం పైకి ల్యాండర్ దగ్గర లాక్ 29 ఉంది, అక్కడి నుంచి మైలు కూడా లేదు, కటాక్టిన్ ఆక్విడక్ట్ వస్తుంది. ఏటి మీద నుంచి కాలువని దాటించిన రాతి వంతెన. 1973లో చాలా భాగం కూలిపోతే, పాత రాళ్లే ఏరి తెచ్చి 2011కి మళ్లీ నిలబెట్టారు. ఇరిగేషన్‌లో పనిచేసిన ఆయనకి అది చూపించకపోతే ఎలా?

పొటోమాక్_పంతులు
ఫణిగారూ, చోటు మంచిదే, కాదనను. కానీ లక్ష్మిగారు నీళ్లు కనబడాలన్నారు. నీళ్లు నిండా ఉన్న కాలువ వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ నుంచి వయలెట్స్ లాక్ దాకానే, అంటే మొదటి 22 మైళ్లే. ఆ పైన చాలా మేర కాలువ ఎండిపోయి, అందులో చెట్లు మొలిచి, అడవిలో లోతైన గుంటలా ఉంటుంది. పాయింట్ ఆఫ్ రాక్స్ 48వ మైలు. ఎండిన కాలువ పక్కన నడిపిస్తే ఆ పెద్దాయన మనసుకి ఏం తృప్తి ఉంటుంది?

ఫ్రెడరిక్_ఫణి
పక్కన పొటోమాక్ నది పారుతోంది కదండీ, నీళ్లు నీళ్లే.

పొటోమాక్_పంతులు
నది వేరు, కాలువ వేరు. జీవితమంతా కాలువ నీటిమట్టం కొలిచిన మనిషికి ఆ తేడా మనం చెప్పక్కర్లేదు.

లౌడన్_లక్ష్మి
ఈ రెండూ నాన్నకి చదివి వినిపించాను. "పంతులుగారు చెప్పింది కరెక్టు" అన్నారు. ఫణిగారూ మీ వంతెన గురించి కూడా అడిగారు, ఎన్ని ఖానాలు (కమానులు), ఏ రాయి అని.

ఫ్రెడరిక్_ఫణి
మూడు ఖానాలు. ఖానాలు లెక్కపెట్టే మనిషైతే మొనాకసీ ఆక్విడక్ట్‌కి తీసుకురండి. ఏడు ఖానాలు, 516 అడుగుల పొడవు, 1833లో పూర్తయింది, కాలువ మొత్తం మీద అదే పెద్దది. కారు దాని పక్కనే ఆపొచ్చు, అమ్మగారు పెద్దగా నడవక్కర్లేదు. పౌర యుద్ధంలో దక్షిణాది సైన్యం దాన్ని పేల్చేయాలని చూసి కుదరక వదిలేసింది. అంత గట్టి కట్టడం.

కొండెక్కేవాడు
కాలువ పక్కన తిన్నగా నడవడంలో ఏముందో నాకు ఎప్పటికీ అర్థం కాదు. గ్రేట్ ఫాల్స్ వెళ్తే బిల్లీ గోట్ ట్రెయిల్ ఎక్కాలి. సెక్షన్ ఏ రెండు మైళ్లు కూడా ఉండదు, బండల మీద చేతులూ కాళ్లూ వాడి పాకాలి, కింద నది సుడులు. ఆ అనుభవం ముందు ఈ గట్టు ఎంత?

ఇద్దరుపిల్లలతల్లి
అన్నా, ఆవిడ అడిగింది మోకాళ్ల నొప్పులున్న అమ్మ కోసం.

రాక్‌విల్_రమ
ఆ ట్రెయిల్ మాట వచ్చింది కాబట్టి గట్టిగా చెప్తున్నా. ఇండియా నుంచి వచ్చినవాళ్లని సరదాగా చెప్పులతో ఆ బండల మీదికి తీసుకెళ్లకండి. ఎక్కాక సగంలో వెనక్కి రావాలన్నా కష్టం. నీళ్లు దగ్గరగా ఉన్నాయి కదా అని కాళ్లు కడుక్కోవడానికి దిగుతారు మనవాళ్లు. ఆ గోర్జ్‌లో (ఇరుకు లోయలో) పైకి నెమ్మదిగా కనిపించే నీళ్లే అడుగున లాగేస్తాయి, అందుకే అక్కడ నీళ్లలో దిగడం నిషేధం. ప్రతి వేసవిలో ఎవరో ఒకరి గురించి వార్త వింటూనే ఉన్నాం. జలపాతం చూడాలంటే ఓల్మ్‌స్టెడ్ ఐలాండ్ మీదుగా వంతెనలున్నాయి, కమ్మీలు పట్టుకుని హాయిగా వెళ్లి చూసి రావచ్చు. పెద్దవాళ్లకి అది చాలు.

కొండెక్కేవాడు
నిషేధం విషయంలో రమగారితో ఏకీభవిస్తున్నా. బూట్లు లేకుండా ఎవరూ ఎక్కొద్దు. నాకు ఆ ట్రెయిల్ ఇష్టం కాబట్టి చెప్పాను.

నారాయణపక్షి
లక్ష్మిగారూ, నా సలహా పెన్నీఫీల్డ్ లాక్. అక్కడి నుంచి వయలెట్స్ లాక్ వైపు కాలువలో నీళ్లుంటాయి, గట్టు మీద చెట్ల నీడ. పొద్దున ఏడు గంటలకి వెళ్తే నారాయణ పక్షులు కాలువ అంచున ఒంటికాలి మీద నిలబడి ఉంటాయి. ఇక్కడివి మన వాటికంటే పెద్దవి. మీరు పదడుగుల దూరంలోకి వెళ్లేదాకా కదలవు. లకుముకి పిట్టలు కూడా కనిపిస్తాయి, ముందు వాటి కూత వినిపిస్తుంది. ఎండ వచ్చాక పడిపోయిన మాను ఉంటే దాని మీద తాబేళ్లు వరసగా ఎక్కి కూర్చుంటాయి. దగ్గర్లోనే బాతుల కోసం విడిగా ఉంచిన మడుగులున్నాయి, చలికాలం మొదలయ్యేసరికి వలస పక్షులు దిగుతాయి. మీ నాన్నగారు పిట్టలు చూడని మనిషైనా అక్కడ ఆగి చూస్తారు.

ఇద్దరుపిల్లలతల్లి
తాబేళ్లకి నా ఓటు. మా చిన్నోడు ఎక్కడికి తీసుకెళ్లినా పది నిమిషాల్లో ఇంటికి పోదాం అంటాడు, గట్టు మీద మాత్రం తాబేళ్లు లెక్కపెట్టుకుంటూ మైలు నడిచేశాడు.

లౌడన్_లక్ష్మి
పెన్నీఫీల్డ్‌లో బాత్రూమ్ ఎలా ఉంటుంది?

నారాయణపక్షి
ప్లాస్టిక్ పెట్టె లాంటి పోర్టబుల్ టాయిలెట్లే, చిన్న లాకుల దగ్గర అన్ని చోట్లా అంతే.

లౌడన్_లక్ష్మి
అమ్మ అందులోకి వెళ్లదు. పొద్దుణ్నుంచీ నీళ్లు తాగడం మానేసి వస్తుంది, అది ఇంకా ప్రమాదం.

రాక్‌విల్_రమ
అయ్యో ఇది నాకు ముందే తట్టాల్సింది, కార్డరాక్! అమెరికన్ లీజియన్ వంతెన దాటగానే క్లారా బార్టన్ పార్క్‌వే మీదికి తిరిగితే వెంటనే వస్తుంది, వర్జీనియా నుంచి వచ్చేవాళ్లకి ఇంతకంటే దగ్గర లేదు. పెద్ద పార్కింగ్, టికెట్ లేదు, బాత్రూమ్‌లున్నాయి, పిక్నిక్ బల్లలున్నాయి. కాలువ నిండా నీళ్లు. అమ్మగారు అలిసిపోతే బల్ల దగ్గర కూర్చుంటారు, నాన్నగారు ఎంత దూరమైనా వెళ్లి రావచ్చు.

పొటోమాక్_పంతులు
రమగారు చెప్పింది బంగారం లాంటి మాట. కార్డరాక్ నుంచి దిగువకి, అంటే వాషింగ్టన్ వైపుకి, మైలు నడిస్తే లాక్ 14 వస్తుంది. అక్కడి నుంచి 8వ లాకు దాకా ఏడు లాకులు, మైలుంపావు లోపలే ఒకదాని తర్వాత ఒకటి. ఆ పక్కన వెళ్లే సెవెన్ లాక్స్ రోడ్డుకి ఆ పేరు వీటి వల్లే. నేల అక్కడ గబగబా దిగుతుంది కాబట్టి ఒక్కో లాకు ఎనిమిదడుగుల చొప్పున నీళ్లని మెట్లుగా దించారు. కంబర్లాండ్ నుంచి జార్జ్‌టౌన్ దాకా మొత్తం 184.5 మైళ్లలో 605 అడుగుల వాలు, దానికి 74 లాకులు. ఇంజనీరింగ్ చూడాలంటే ఈ ఏడింటినీ మించిన చోటు లేదు.

నైట్‌షిఫ్ట్
బెల్ట్‌వే కింద నుంచి ఆ గట్టు వెళ్తుంది కదా? నేను రోజూ పైన ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంటా. కింద ఇంత ప్రశాంతంగా ఉంటుందని ఈ మధ్యే తెలిసింది.

రాక్‌విల్_రమ
అవును అదే. పైన లారీల మోత, కింద బాతులు.

రాక్‌విల్_రమ
ఒక్క హెచ్చరిక లక్ష్మీ, సైకిళ్లు. కొంతమంది వెనకనుంచి రివ్వున వచ్చేస్తారు. మా అత్తగారు ఒకసారి ఉలిక్కిపడి కాలువ అంచు దాకా వెళ్లిపోయారు. అమ్మగారిని చెట్ల వైపు నడిపించి నువ్వు మధ్యలో నడువు.

రెండుచక్రాలు
సైకిల్ తొక్కేవాళ్లందరినీ ఒకే గాటన కట్టేయకండి రమగారూ. దాటేముందు గంట కొట్టాలనేది ఆ పార్కు రూలు, మేం కొడతాం. కానీ నలుగురు అడ్డంగా, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నడుస్తుంటే గంట ఎవరికి వినిపిస్తుంది? మనవాళ్ల గుంపులు మరీనూ, పెళ్లి ఊరేగింపులా దారంతా నిండి ఉంటారు.

రాక్‌విల్_రమ
డెబ్బై ఏళ్ల మనిషి చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉండవు. గంట కొట్టి ఒక్క క్షణం ఆగి వెళ్తే ఏమవుతుంది?

రెండుచక్రాలు
పెద్దవాళ్లు కనిపిస్తే ఆగాల్సిందే, అక్కడ మీతో వాదన లేదు. నేనైతే దిగి నడిపించుకుంటూ వెళ్తా. నడిచేవాళ్లు కుడివైపు ఉంటే చాలు, ఇద్దరికీ గొడవ లేదు. ఇంకో సంగతి, వాన పడిన మర్నాడు ఎగువ వైపు వెళ్లకండి, గట్టు మట్టీ కంకరా కాబట్టి బురద బురదగా ఉంటుంది. పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ దాకా 150 మైళ్ల గ్రేట్ అలెగెనీ పాసేజ్, అక్కడి నుంచి ఈ గట్టు పట్టుకుని వాషింగ్టన్, స్నేహితులతో తొక్కాను. అయిదారు మైళ్లకొక చోట గుడారం వేసుకునే స్థలం, చేతి పంపు ఉంటాయి. జీవితంలో ఒక్కసారైనా చేయాల్సిన ప్రయాణం అది.

నైట్‌షిఫ్ట్
ఈ గట్టు అసలు నడకకి వేసింది కాదు కదా, గాడిదలకి అని విన్నా.

పొటోమాక్_పంతులు
కంచరగాడిదలకి. పడవకి పొడవాటి తాడు కట్టి, గట్టు మీద కంచరగాడిదలు లాక్కెళ్లేవి. ఆరు గంటలకోసారి జత మారేది, దిగిన జత పడవ ముందు భాగంలో ఉండే కొట్టంలో పడుకునేది. వాటి వెంట చాలాసార్లు పడవ నడిపేవాడి పిల్లలే నడిచేవారు. తొంభై అడుగుల పైన పొడవుండే పడవ, వంద టన్నులకి పైగా బొగ్గు, కంబర్లాండ్ గనుల నుంచి జార్జ్‌టౌన్‌కి. ఆ గట్టు ఇంత చదునుగా, వెడల్పుగా ఉండటానికి కారణం అదే, జంతువు బరువు లాగుతూ అలిసిపోకూడదు. మన అమ్మానాన్నల మోకాళ్లకి ఇప్పుడు పనికొస్తోంది.

కాలువ పని 1828 జులై 4న మొదలైంది, ప్రెసిడెంట్ జాన్ క్విన్సీ ఆడమ్స్ స్వయంగా పార పట్టారు. సరిగ్గా అదే రోజు బాల్టిమోర్‌లో బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వేకి శంకుస్థాపన. రెండూ పడమటి వైపుకి పోటీ. ఫణిగారి పాయింట్ ఆఫ్ రాక్స్ దగ్గర కొండకీ నదికీ మధ్య సందు ఒకటే ఉంది, దాని కోసం కోర్టులో ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. కాలువే గెలిచింది. గెలిచి ఏం లాభం, రైలు 1842లో కంబర్లాండ్ చేరితే కాలువ 1850కి గానీ చేరలేదు. ఒహాయో దాకా వెళ్లాల్సింది అక్కడే ఆగిపోయింది. తవ్విన కూలీల్లో ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది, 1832లో కలరా వచ్చి ఆ గుడిసెల్లోనే పోయారు. గట్టు మీద నడిచేటప్పుడు వాళ్లని ఒకసారి తలుచుకోవాలి. 1889 వరదతో కాలువ కంపెనీ నడుం విరిగింది, 1924 వరద తర్వాత పడవలు మళ్లీ తిరగలేదు.

ఇద్దరుపిల్లలతల్లి
పంతులుగారూ మీరు రాస్తే బాగుంటుంది కానీ ఇదంతా గట్టు మీద నడుస్తూ చెప్తే పిల్లలు పారిపోతారు.

పొటోమాక్_పంతులు
పిల్లలకి లాకు ముందు నిలబెట్టి ఎలా పనిచేస్తుందో చూపిస్తే చాలమ్మా, కట్టిపడేస్తుంది. పడవ లోపలికి వస్తుంది, వెనక తలుపులు మూస్తారు, ముందు తలుపుల అడుగున ఉన్న చిన్న కిటికీలు తెరుస్తారు, పై నీళ్లు లోపలికి వచ్చి పడవని పైకి లేపుతాయి. ఇంజన్ లేదు, కరెంటు లేదు. మా మనవరాలికి బాత్‌టబ్‌లో ఆడి చూపించాను.

బొబ్బర్లంక
ఇండియాలో అర్ధరాత్రి అయింది గానీ చదవడం మొదలెట్టాక ఆపలేకపోయా. మాకు లాకులంటే కొత్త కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి కట్టేశారు, కాటన్ దొర తవ్వించిన కాలువలు పొలానికీ పడవకీ రెండిటికీ పనికొచ్చేలా తవ్వించినవి. మీరు చెప్పే కాలువ ఒక్క పడవల కోసమే, అందుకే రైలు పోటీకీ వరదలకీ చచ్చిపోయింది. మా కాలువల్లో పడవలు పోయినా పొలాలున్నాయి కాబట్టి నీళ్లు పారుతూనే ఉన్నాయి. ఒకప్పుడు గోదావరి నుంచి ఏలూరు కాలువ మీదుగా బెజవాడ, అక్కడి నుంచి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువ పట్టుకుని మద్రాసు దాకా పడవలో వెళ్లేవారు. మా తాత చెప్పేవాడు, గాలుంటే తెరచాప, లేకపోతే మనుషులే తాడు భుజానికేసుకుని గట్టు మీద వంగి లాగేవారని. మీ దగ్గర కంచరగాడిదలు చేసిన పని ఇక్కడ మనుషులు చేశారు.

నాకు బాధ కలిగేది ఒకటే. అక్కడ చచ్చిపోయిన కాలువ గట్టుని నడిచేవాళ్ల కోసం ఇంత భద్రంగా ఉంచారు. ఇక్కడ బతికున్న కాలువ గట్టు మీద చాలా చోట్ల తారు రోడ్డు పడింది, లేకపోతే చెత్త పడింది, పొద్దున్నే నడిచే ముసలాయన లారీకి దారిచ్చి పక్కకి దిగాలి.

లౌడన్_లక్ష్మి
మీ పోస్టు నాన్నకి చదివాను, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "బొబ్బర్లంక వాళ్లా, ఏ వీధో అడుగు" అన్నారు :)

పొటోమాక్_పంతులు
బొబ్బర్లంక గారూ, ఇక్కడ కూడా ఊరికే మిగల్లేదు. ప్రభుత్వం 1938లో కాలువని 20 లక్షల డాలర్లకి కొంది. తర్వాత దాని మీదుగా కార్ల రోడ్డు వేద్దామన్నారు. 1954 జనవరిలో వాషింగ్టన్ పోస్ట్ ఆ రోడ్డుని సమర్థిస్తూ సంపాదకీయం రాసింది. సుప్రీంకోర్టు జడ్జి విలియం డగ్లస్ దానికి జవాబు రాశారు, కారులో కాదు, నాతో గట్టు మీద నడిచి చూడండి, అప్పుడు మాట్లాడదాం అని. సంపాదకులు సరేనన్నారు. మార్చిలో కంబర్లాండ్ నుంచి సాగిన నడకలో కొంత దూరమైనా కలిసినవాళ్లు యాభై మందికి పైగా ఉంటే, మొత్తం నడిచింది తొమ్మిది మందే, అందులో డగ్లస్ ఒకరు. నడక అయ్యేసరికి పత్రిక తన మాట మార్చుకుంది. రోడ్డు ఆగింది. 1971లో నేషనల్ హిస్టారికల్ పార్క్ అయింది. జార్జ్‌టౌన్‌లో గట్టు పక్కన ఆయన విగ్రహం ఉంది.

బొబ్బర్లంక
ఒక జడ్జి నడిచాడు కాబట్టి మిగిలింది. మా దగ్గర కూడా ఎవరైనా నడవాలి. ఈ వారం మా ఊరి వాకింగ్ బ్యాచ్‌తో మాట్లాడతా, ముందు లాకుల దగ్గర చెత్త తీద్దాం.

ఇద్దరుపిల్లలతల్లి
చెత్త అంటే గుర్తొచ్చింది. సీ అండ్ ఓ గట్టు మీద డస్ట్‌బిన్లు ఉండవు, తెచ్చుకున్నది తీసుకెళ్లాలి. పులిహోర కట్టుకెళ్లినవాళ్లు ఖాళీ ప్లేట్ల కోసం ఒక కవరు వేరే పెట్టుకోండి. ఇంటికొచ్చాక పిల్లల కాళ్లకి టిక్స్ (రక్తం పీల్చే చిన్న పురుగులు) పట్టాయేమో చూసుకోండి, గట్టు అంచున గడ్డిలోకి దింపొద్దు. మూడు ఆకులు కలిసుండే పాయిజన్ ఐవీ తీగ చెట్లకి పాకి ఉంటుంది, అది తగిలితే దురద వారం పోదు.

లౌడన్_లక్ష్మి
వెళ్లొచ్చాం! ఆదివారం ఏడున్నరకి కార్డరాక్. పార్కింగ్‌లో మా కారు కాక ఇంకో నాలుగైదు.

అమ్మ బాత్రూమ్ చూసి తృప్తి పడింది, అది అన్నిటికంటే ముఖ్యం. ఇరవై నిమిషాలు మాతో నడిచి, బల్ల దగ్గర కూర్చుని ఫ్లాస్కులో కాఫీ తాగుతూ మా చెల్లికి వీడియో కాల్ చేసి తాబేళ్లు చూపించింది. మా ఆయన అమ్మ దగ్గర ఉండిపోతే నేనూ నాన్నా లాకుల దాకా వెళ్లాం. నేను ఆయన వెంట పడి నడవాల్సి వచ్చింది, ఇన్నాళ్లూ ఇంట్లో కాళ్లీడ్చుకుంటూ తిరిగిన మనిషేనా అనిపించింది.

మొదటి లాకు దగ్గరే అరగంట. తలుపు తెరిచినప్పుడు వెళ్లి కూర్చోవడానికి గోడలో గూడు వదిలారు చూడు అన్నారు. రాయి మీద చెయ్యి పెట్టి తడిమారు. అంచు రాళ్ల మీద నున్నగా అరిగిన గాడులు ఉన్నాయి, నేను వాన నీటికి అరిగాయేమో అనుకున్నా. తాడు ఒరుసుకుని పడిన గాడులట. అంత రాయిని తాడు కోసిందంటే ఎన్ని వేల పడవలు వెళ్లుంటాయో అని అక్కడే నిలబడి నాకు చెప్తూ ఉన్నారు. నాన్న పని గురించి నేను ఎప్పుడూ అడగలేదు, ఆయన చెప్పలేదు. కాలువ మూసే రోజుల్లో గేట్ల మరమ్మతు, గండి పడితే రాత్రంతా ఇసక బస్తాలతో గట్టు మీద కాపలా, లస్కర్ల (కాలువ పనివాళ్ల) పేర్లతో సహా అన్నీ చెప్పారు. నేను చిన్నప్పుడు వానాకాలంలో ఆయన ఇంటికి రాని రాత్రులు ఎందుకో ఇప్పుడు తెలిసింది.

సైకిళ్లవాళ్లు అందరూ గంట కొట్టారు, రెండుచక్రాలు గారికి చెప్పాలి.

రెండుచక్రాలు
మహా సంతోషం లక్ష్మిగారూ.

నారాయణపక్షి
పక్షి కనిపించిందా?

లౌడన్_లక్ష్మి
కనిపించింది! నాన్న చూసి "ఇది ఇక్కడ కూడా ఉందా" అని నవ్వారు.

రాక్‌విల్_రమ
చదువుతుంటే కళ్లు తడిశాయి. ఆ గాడులు మేం ఎన్నిసార్లు తొక్కుకుంటూ వెళ్లామో, మాకెవరూ చెప్పలేదు.

కొండెక్కేవాడు
గట్టు నడకలో ఏముంది అన్నాను కదా పైన. మా నాన్న డిసెంబరులో వస్తున్నారు, ఆయన్ని తీసుకెళ్తా. చలికి గట్టు ఎలా ఉంటుంది?

నారాయణపక్షి
ఆకులు రాలాక నది బాగా కనిపిస్తుంది, దోమలు, టిక్స్ బాధ తక్కువ. చెవులకి టోపీ, బూట్లు ఉంటే మధ్యాహ్నం పూట హాయిగా నడవొచ్చు. మంచు కురిసి గడ్డకట్టిన రోజు మాత్రం వద్దు. కాలువ మీద పేరుకున్న మంచుగడ్డ మీదికి ఎవరినీ దిగనివ్వకండి.

ఫ్రెడరిక్_ఫణి
లక్ష్మిగారూ, మొనాకసీకి ఎప్పుడు? ఏడు ఖానాలు ఎదురుచూస్తున్నాయి. మీ వైపు నుంచి వైట్స్ ఫెర్రీ ఉండి ఉంటే కారుతో సహా నది దాటి వచ్చేసేవారు, అది 2020 డిసెంబరులో ఆగిపోయింది. ఇప్పుడు పాయింట్ ఆఫ్ రాక్స్ వంతెన మీదుగా చుట్టూ రావాలి. లీస్‌బర్గ్ దాటాక రూట్ 15 ఒకటే లేను, పొద్దున్నే బయల్దేరండి.

లౌడన్_లక్ష్మి
వచ్చే శనివారం అదే అనుకుంటున్నాం. నాన్న పంతులుగారిని ఇంకోటి అడగమన్నారు, ఈ కాలువకి కొండ లోపల సొరంగం ఉందట కదా, చూడొచ్చా అని.

పొటోమాక్_పంతులు
పా పా సొరంగం. వెస్ట్ వర్జీనియాలోని పా పా ఊరి దగ్గర, 155వ మైలు. 3118 అడుగుల పొడవు, లోపలంతా ఇటుక. 1836లో మొదలుపెట్టి, డబ్బులైపోయి, కూలీల గొడవలతో ఆగి, 1850కి పూర్తి చేశారు. పడవా, గట్టూ రెండూ లోపల నుంచే వెళ్తాయి, గట్టు పక్కన కమ్మీ ఉంటుంది. లోపల చీకటి, ఫోన్ లైటు సరిపోదు, మంచి టార్చి తీసుకెళ్లండి. నేల గతుకులుగా, అక్కడక్కడా తడిగా ఉంటుంది, అమ్మగారికి వద్దు. మీ ఇంటి నుంచి రెండు గంటల పైనే ప్రయాణం. బయల్దేరేముందు పార్కు వెబ్‌సైట్‌లో ఆ భాగం తెరిచి ఉందో లేదో చూసుకోండి, కొండ రాళ్లు జారితే మూసేస్తుంటారు. అక్టోబరు మధ్యలో వెళ్తే ఆ కొండలన్నీ రంగులు తిరిగి ఉంటాయి.

రాక్‌విల్_రమ
లక్ష్మీ, మొనాకసీకి వెళ్లేటప్పుడు మా మామగారిని కూడా కలుపుకుంటావా? ఆయన పులిచింతల దగ్గర పనిచేశారు, మీ నాన్నగారితో మాట్లాడాలని ఈ పోస్టులు చూపించినప్పటి నుంచి అడుగుతున్నారు. నేను తీసుకొచ్చి ఆక్విడక్ట్ దగ్గర దింపుతాను, మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్తా.

లౌడన్_లక్ష్మి
తప్పకుండా అక్కా. ఎనిమిదింటికల్లా మేం అక్కడ ఉంటాం. నాన్న కొలిచే టేపు కూడా తెస్తున్నారు. మామగారికి భోజనం మా దగ్గరే, నువ్వేం కట్టి పంపకు.